అక్క రిపోర్టులో ‘పాజిటివ్’

హార్మోను ఒంట్లో ఉంటే చాలదు, దాన్ని అందుకునే చోటు ఉండాలి. ఈ పాఠాన్ని 22 ఏళ్ళు పిల్లలకి చెప్పిన నాకు, అది నిజంగా అర్థమైంది మాత్రం మా అక్క జబ్బుతోనే...

2019 ఆగస్టులో ఒక మధ్యాహ్నం. స్టాఫ్‌రూములో కూచుని క్యారేజీ విప్పుతుంటే ఫోన్ మోగింది. తెనాలి నుంచి బావగారు. ఆయన మామూలుగా నాకు ఫోన్ చెయ్యరు. ఏదున్నా అక్క చేతే చెప్పిస్తారు.

“రిపోర్టు వచ్చిందమ్మా. పాజిటివ్ అని రాసుంది. ఒకటి కాదు, రెండు పాజిటివ్‌లు...” అన్నారు. తర్వాత ఆయనకి మాట రాలేదు.

మా అక్కకి అప్పుడు 53 ఏళ్ళు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక గుంటూరులో ఆపరేషన్ చేయించాం. గడ్డ చిన్నదే, చంకలోకి పాకలేదు అన్నారు. ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడేమో ఈ రిపోర్టు. ఫోన్ అక్క తీసుకుంది. “ఏమే, నువ్వన్నా దాచకు. ఇంకెన్నాళ్ళు?” అంది.

సమాధానం నా దగ్గర లేదు. మనకి పాజిటివ్ అన్న మాట వింటేనే గుండె ఆగుతుంది కదా! రిపోర్టుల్లో ఆ మాట ఎప్పుడూ చెడ్డ కబురే మోసుకొస్తుందని అనుకుంటాం. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. ‘హార్మోన్లు రక్తం ద్వారా ప్రయాణించి లక్ష్యకణాలలోని గ్రాహకాలతో బంధింపబడును’ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది రెండు మార్కుల ప్రశ్న. ఆ గ్రాహకాల పేరే అక్క రిపోర్టులో ‘ఈ.ఆర్.’, ‘పి.ఆర్.’ అని పొట్టిగా ఉంటే నేను పోల్చుకోలేకపోయాను.

ఇది మంచి కబురే!

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. రిపోర్టు చూసి ఆవిడ నవ్వారు. “ఎందుకండీ అంత భయం? ఈ పాజిటివ్ మనకి కలిసొచ్చేదే” అన్నారు.

ఈ.ఆర్. అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్. పి.ఆర్. అంటే ప్రొజెస్టిరాన్ రిసెప్టర్. రిసెప్టర్ అంటే గ్రాహకం, హార్మోనుని పట్టుకునే ప్రోటీను. అక్క గడ్డలోని కణాలకి ఆ గ్రాహకాలు దండిగా ఉన్నాయి. అంటే ఆ గడ్డ ఈస్ట్రోజన్ని అందుకుని పెరుగుతోంది. ఆ అందుకునే చోటుని మూసేసే మాత్రలున్నాయి. గ్రాహకాలు లేని గడ్డకి ఆ మాత్రలు పనిచెయ్యవు. ప్రపంచం మొత్తమ్మీద చూస్తే రొమ్ము కాన్సర్లలో నూటికి సుమారు 70 ఈ.ఆర్. పాజిటివ్ రకానివే.

అక్క అంతా విని ఒక ప్రశ్న వేసింది. “నాకు ముట్లు ఆగి మూడేళ్ళయిందండీ. ఇంకా ఈస్ట్రోజన్ ఎక్కణ్ణించి వస్తోంది?”

ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. టెన్త్‌తో చదువాపేసిన అక్కకి తట్టింది! మెనోపాజ్ తర్వాత అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ దాదాపు మానేస్తాయి. కానీ మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథుల నుంచి కొన్ని పురుష హార్మోన్లు వస్తూనే ఉంటాయి. ఒంట్లోని కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము వాటిని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. కొద్దిగానే. కానీ గ్రాహకాలు దండిగా ఉన్న కణానికి ఆ కొద్దీ చాలు.

నేను జువాలజీ లెక్చరర్నని తెలిసి డాక్టరమ్మ నన్ను పక్కనున్న లాబ్‌కి పంపించారు. అక్కడి పాథాలజిస్టు అక్క స్లైడుని మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. నీలం నేల మీద వందలకొద్దీ గోధుమరంగు చుక్కలు. ప్రతి చుక్కా ఒక కణంలోని కేంద్రకం. ఈస్ట్రోజన్ గ్రాహకం ఉన్నచోట మాత్రమే ఆ రంగు పడుతుందట. ఎనిమిదికి ఎనిమిది మార్కులు వేశామన్నారు. గోధుమరంగు కేంద్రకం చుట్టూ ఉన్న కణద్రవ్యంలో లేదు, కణం పొర మీదా లేదు. సరిగ్గా కేంద్రకంలోనే ఉంది. 22 ఏళ్ళుగా నేను బోర్డు మీద గీసిన బొమ్మ మొదటిసారి కళ్ళారా చూశాను, అదీ మా అక్క ఒంటి ముక్కలో.

గిన్నె పెట్టిన ఇంట్లోనే పాలు

ఆ రాత్రి అక్కకి ఇదంతా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. చివరికి పాలబ్బాయి గుర్తొచ్చాడు. తెల్లారగట్ల పాలబ్బాయి వీధంతా తిరుగుతాడు. ప్రతి ఇంటి ముందునుంచీ వెళ్తాడు. కానీ పాలు పడేది గుమ్మంలో గిన్నె పెట్టిన ఇంట్లోనే. గిన్నె పెట్టని ఇంటిముందు ఎన్నిసార్లు తిరిగినా చుక్క పడదు. హార్మోనూ అంతే. రక్తంలో కలిసి తలనుంచి కాలిదాకా తిరుగుతుంది. గ్రాహకం ఉన్న కణం దాన్ని నిలబెట్టుకుంటుంది. లేని కణం వదిలేస్తుంది.

ఈ సంగతి కనిపెట్టిన కథ కూడా ఆసక్తిగా ఉంటుంది. 1950ల చివర్లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఈస్ట్రోజన్ ఏదో ఎంజైముతో కలిసి తను కూడా రసాయనికంగా మారిపోతూ పనిచేస్తుందని అప్పట్లో చాలామంది నమ్మేవాళ్ళు. ఆయనకి అది నిజమో కాదో చూడాలనిపించింది. హెర్బర్ట్ జేకబ్‌సన్ అనే సహచరుడితో కలిసి ఈస్ట్రడయోల్‌లోకి ట్రిషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌ని ఎక్కించాడు. ఈస్ట్రడయోల్ అంటే మన ఒంట్లోని ముఖ్యమైన ఈస్ట్రోజన్. ఇక అది ఎక్కడికెళ్తే అక్కడ లెక్క తేలుతుంది.

ఇంకా ఎదగని ఆడ ఎలుకలకి దాన్ని ఇస్తే ఏమైందంటే, అన్ని అవయవాల్లోకీ వెళ్ళింది, అన్నింటిలోనుంచీ త్వరగా బయటికొచ్చేసింది. గర్భాశయం, యోని మాత్రం గంటలతరబడి దాన్ని పట్టుకుని ఉంచాయి. పైగా ఈస్ట్రడయోల్ ఏమాత్రం మారకుండా అలాగే ఉంది. అంటే గర్భాశయ కణాల్లో దాన్ని పట్టుకునేది ఏదో ఉందన్నమాట! 1958లో ఆయన ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అదే అడుగు కాన్సర్ వైద్యాన్ని మార్చేసింది. ఏ గడ్డలో గ్రాహకం ఉంది, ఏ గడ్డలో లేదు అని పరీక్షించే పద్ధతి ఆ దారినే వచ్చింది. 2004లో ఆయనకి పియరీ షాంబాన్, రొనాల్డ్ ఎవాన్స్‌లతో కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఇంత చెయ్యడానికి హార్మోను ఎంత కావాలో తెలుసా? అండం విడుదలయ్యే ముందు, అంటే ఈస్ట్రడయోల్ బాగా పెరిగినప్పుడు కూడా, ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండేది 200 నుంచి 400 పికోగ్రాములు. గ్రాముని లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోగ్రాము. అందులోనూ నూటికి 98 వంతులు రక్తంలోని ప్రోటీన్లని అంటిపెట్టుకుని తిరుగుతాయి. విడిగా తిరిగే ఆ రెండు వంతులే కణాల్లోకి తేలిగ్గా దూరగలవు. అంత పిసరుని వెతికి పట్టుకోవాలంటే ఆ గిన్నె ఎంత పనితనం గలదై ఉండాలి!

గడప దగ్గర ఆగేవి, వంటింట్లోకి వచ్చేవి

మన ఇంటికి వచ్చేవాళ్ళలో రెండు రకాలుంటారు. కొందరు గడప దగ్గరే నిలబడి చెప్పాల్సింది చెప్పి వెళ్తారు. కొందరు చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వచ్చేస్తారు. హార్మోన్లలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి.

మెదడు కిందుండే పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. గడప దగ్గర ఆగే రకం. అవి పెద్ద ప్రోటీన్లు. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరని దాటలేవు. అండాశయంలో అండం చుట్టూ ఉండే కణాల పైపొర మీద వాటికోసం గ్రాహకాలుంటాయి. వచ్చి దాన్ని తాకితే చాలు, లోపల సైక్లిక్ ఏ.ఎం.పి. అనే చిన్న అణువులు పుడతాయి. ఇంట్లోవాళ్ళు కబురందుకుని లోపలికి చేరేసినట్టు ఆ అణువులే పని మొదలుపెడతాయి. ఈ ‘రెండో వార్తాహరుణ్ణి’ కనిపెట్టినందుకే ఎర్ల్ సదర్లాండ్‌కి 1971లో నోబెల్ బహుమతి వచ్చింది.

కడుపుతో ఉన్నామో లేదో ఇంట్లోనే చూసుకునే పరీక్షలో మూత్రంలో వెతికేది హెచ్.సి.జి. అనే హార్మోనుని. అదీ ఈ రకమే. ఎల్.హెచ్. వాడుకునే గ్రాహకాన్నే ఇదీ వాడుకుంటుంది. బిడ్డ నిలబడగానే ఆ దారిన అండాశయానికి కబురు పంపి, ప్రొజెస్టిరాన్ తయారీ ఆగకుండా చూస్తుంది. అందుకే ఆ నెల ముట్టు రాదు.

నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ కూడా గడప దగ్గర ఆగేదే. నెలలు నిండేకొద్దీ గర్భాశయ కండరంలో దాని గ్రాహకాలు చాలా ఎక్కువవుతాయి. అందుకే తొలినెలల్లో అంతగా పట్టించుకోని హార్మోనుకి, నెలలు నిండాక గర్భాశయం గట్టిగా స్పందిస్తుంది. హార్మోను అదే. మారింది గిన్నెల లెక్క!

ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండో రకం. ఇవి కొలెస్టరాల్ నుంచి తయారవుతాయి. కొవ్వులో కరుగుతాయి కనక కణం పొరలోంచి జారి లోపలికి వచ్చేస్తాయి. ఈస్ట్రోజన్ గ్రాహకం కణద్రవ్యంలో కాచుకుని ఉండి, హార్మోను దొరికాక కేంద్రకంలోకి వెళ్తుందని మొదట్లో అనుకున్నారు. ఎక్కువభాగం కేంద్రకంలోనే ఉంటుందని 1984లో తేలింది. నేను స్లైడులో చూసింది అదే.

ఈస్ట్రోజన్ వచ్చి కూచోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. రెండు గ్రాహకాలు జంటకడతాయి. ఆ జంట డి.ఎన్.ఏ. మీద తనకి గుర్తున్న చోట పట్టుకుని, సహాయక ప్రోటీన్లని పిలుస్తుంది. అప్పుడు అక్కడి జన్యువులు పని మొదలుపెడతాయి. కొత్త ప్రోటీన్లు తయారవుతాయి. కణం విభజన చెందుతుంది. నెలనెలా గర్భాశయం లోపలి పొర రెండు, మూడు మిల్లీమీటర్ల నుంచి పది మిల్లీమీటర్ల పైదాకా మందమయ్యేది ఇలాగే.

ఆ కొత్త ప్రోటీన్లలో ముఖ్యమైంది ఒకటుంది. అదే ప్రొజెస్టిరాన్ గ్రాహకం! ఈస్ట్రోజన్ ముందొచ్చి, తర్వాత రాబోయే ప్రొజెస్టిరాన్ కోసం గిన్నెలు పెట్టించి వెళ్తుందన్నమాట. ముందు పెళ్ళయి వెళ్ళిన అక్క, చెల్లెలికి దారి చూపినట్టు. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చి ఈస్ట్రోజన్ గిన్నెలు తగ్గించి, ఇక పెరుగుదల చాలు, బిడ్డకి పక్క సర్దండి అంటుంది. అక్క రిపోర్టులో రెండో పాజిటివ్ ఎందుకు మంచిదో అప్పుడర్థమైంది. ప్రొజెస్టిరాన్ గ్రాహకం ఉందంటే, ఈస్ట్రోజన్ గ్రాహకం ఉత్తినే కూచోకుండా పనిచేస్తోందనడానికి అదే సాక్ష్యం.

బస్సు సీట్లో తువ్వాలు

అక్కకి రేడియేషన్ అయిపోయాక డిసెంబరు నుంచి రోజుకొక టామోక్సిఫెన్ మాత్ర మొదలుపెట్టారు. అయిదేళ్ళు వాడాలన్నారు. ముట్లుడిగిన వాళ్ళకి ఈస్ట్రోజన్ తయారీనే ఆపే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఎక్కువగా ఇస్తారు. అక్కకి అప్పటికే ఎముకలు బాగా పలచబడి ఉన్నాయి. ఈస్ట్రోజన్ పూర్తిగా పోతే అవి ఇంకా గుల్లబారతాయి. అందుకని డాక్టరమ్మ ఆలోచించి ఇది ఎంచుకున్నారు.

ఇదేం చేస్తుంది? ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటారు చూడండి, అలాంటిదే. రొమ్ము కణంలో ఈస్ట్రోజన్ కూచోవలసిన సీట్లో ఈ మాత్ర ముందే పడి ఉంటుంది. గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది కానీ ఆకారం సరిగ్గా మారదు. సహాయక ప్రోటీన్లు రావు. ఈస్ట్రోజన్ వచ్చినా నిలబడి వెళ్ళిపోవాల్సిందే.

దీన్ని 1962లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. అనే మందుల కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే మహిళా శాస్త్రజ్ఞురాలు తయారుచేశారు. తమాషా ఏమిటంటే వాళ్ళు వెతికింది గర్భం రాకుండా చేసే మాత్ర కోసం! ఎలుకల్లో పనిచేసింది. ఆడవాళ్ళలో పనిచెయ్యకపోగా అండం విడుదలకి సాయపడింది. ఆ పనికి పక్కనపెట్టిన మందే రొమ్ము కాన్సర్‌కి పనికొచ్చింది. అమెరికాలో 1977లో అనుమతి దొరికింది. ఈ.ఆర్. పాజిటివ్ రొమ్ము కాన్సర్ తొలిదశలో ఉన్నవాళ్ళు అయిదేళ్ళు వాడితే ఆ జబ్బుతో చనిపోయేవాళ్ళు సుమారు మూడోవంతు తగ్గుతారని తేలింది.

ఇదే కుటుంబానికి చెందిన మందు మన దేశంలోనూ పుట్టింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమన్. 1991లో ‘సహేలి’ పేరుతో కుటుంబ నియంత్రణ మాత్రగా వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకటి వేసుకునే మాత్ర అది. మీలో కొందరు వాడే ఉంటారు. 2016 నుంచి ‘ఛాయ’ పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలోకీ వచ్చింది. అందులో హార్మోను ఉండదు. గర్భాశయంలో ఈస్ట్రోజన్ సీటు మీద అదీ ఒక తువ్వాలు. పొర సరిగ్గా తయారుకానివ్వదు, పిండం నిలవదు.

సంక్రాంతి నాడు దీపం పెట్టని అక్క

2022 సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. భోగి రోజు పొద్దున అక్క పూజగది వైపు వెళ్ళలేదు. “నువ్వే దీపం పెట్టమ్మా” అని కోడలికి చెప్పి తను అరిసెల పాకం చూసుకుంటోంది. పండగపూట దీపం ఇంకొకళ్ళకి వదిలే మనిషి కాదు. సాయంత్రం ఇద్దరమే ఉన్నప్పుడు నిలదీశాను.

అక్క సిగ్గుపడుతూ నవ్వింది. “ఏమే, నాకు మళ్ళీ మొదలైంది. ఆరేళ్ళ తర్వాత. మళ్ళీ పడుచుదాన్నయ్యానేమో!” అంది.

నాకు నవ్వు రాలేదు. ఎన్నాళ్ళ నుంచి అనడిగాను. రెండు నెలల్లో మూడుసార్లు చీరకి మరక కనిపించిందట. పక్కింటావిడ ‘ఆ హార్మోన్ మాత్రల వేడే’ అందిట. దాంతో పది రోజులుగా మాత్ర కూడా మానేసింది! ‘హాస్పిటల్ అంటే మళ్ళీ అందరికీ తిప్పలు’ అని బావగారికీ చెప్పలేదు. గడ్డ కనపడ్డప్పుడూ రెండు నెలలు ఇలాగే దాచింది.

కోపం, భయం రెండూ వచ్చాయి. ఎందుకంటే అప్పటికి నాకు ఒక సంగతి తెలుసు. మాత్ర మొదలుపెట్టిన రోజునే డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు. “ఎప్పుడైనా ఎర్రమరక కనిపిస్తే ఒక్కసారైనా సరే, వెంటనే రండి.” అక్క ఆ మాట మర్చిపోయింది.

ఒకే మాత్ర, రెండు పనులు

టామోక్సిఫెన్ రొమ్ములో తువ్వాలే. గర్భాశయంలో మాత్రం ఆ తువ్వాలే కొంతవరకు ప్రయాణీకుడిలా ప్రవర్తిస్తుంది! అక్కడ ఈస్ట్రోజన్ చేసే పనిని తనూ కొంత చేస్తుంది. లోపలి పొర పెరగడం, అందులో చిన్న చిన్న పాలిప్‌లు రావడం జరుగుతుంది. అరుదుగా ఆ పొరకి కాన్సర్ కూడా రావచ్చు.

ఒకే మాత్ర, ఒకే గ్రాహకం. మరి తేడా ఎక్కణ్ణించి వచ్చింది? గ్రాహకం ఒక్కటే పని చెయ్యదు, సహాయక ప్రోటీన్లు కలవాలి అని చెప్పాను కదా. రొమ్ము కణంలో ఉండే సహాయకుల జట్టు వేరు, గర్భాశయ కణంలో జట్టు వేరు. టామోక్సిఫెన్ పట్టుకున్న గ్రాహకం రొమ్ములో పనిని ఆపేవాళ్ళని పిలుస్తుంది. గర్భాశయంలో పనిచేయించేవాళ్ళు కొందరు దండిగా ఉండటంతో వాళ్ళూ వచ్చి చేరతారు. అక్కకి మేలుచేసిన సంగతి ఒకటుంది. ఎముకలో కూడా ఈ మాత్ర ఈస్ట్రోజన్ లాగే పనిచేసి, ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఎముక బలం కాపాడుతుంది.

భయపడాల్సినంత ప్రమాదమా అంటే, అమెరికాలో జరిగి 1998లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన లెక్క చెప్తాను. గర్భాశయ పొర కాన్సర్ వచ్చినవాళ్ళు, మాత్ర వాడనివాళ్ళలో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు ఒకరు. వాడినవాళ్ళలో ఇద్దరికి కాస్త పైన. ఎక్కువ భాగం యాభై దాటినవాళ్ళే. వచ్చిన వాటిలో చాలావరకు తొలిదశలోనే పట్టుబడ్డాయి. ఎందుకు పట్టుబడ్డాయి? రక్తం మరక ముందే హెచ్చరించింది కనక. ఆ హెచ్చరికని మనం దాచిపెడితే ఎవరేం చెయ్యగలరు?

కనుమ అయిన మర్నాడే గుంటూరు తీసుకెళ్ళాను. స్కానింగ్‌లో పొర మందంగా కనిపించింది. టామోక్సిఫెన్ వాడేవాళ్ళలో ఏ జబ్బూ లేకపోయినా అలా కనిపించవచ్చట. అందుకని స్కానింగ్‌తో సరిపెట్టలేదు. హిస్టరోస్కోపీ చేశారు. అంటే సన్నటి గొట్టంతో గర్భాశయం లోపలికి చూడటం. చిన్న పాలిప్ ఉంది. తీసి పరీక్షకి పంపారు.

రిపోర్టుకి వారం పట్టింది. ఆ వారమంతా చుట్టాల సలహాలు. “ఈ వయసులో ఆ గర్భసంచితో పనేముంది? తీయించేస్తే పోలా!” అని ప్రతివాళ్ళూ అన్నవాళ్ళే. మన దగ్గర ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తామో! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలో ముందువరసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. డాక్టరమ్మ మాత్రం “రిపోర్టు రానివ్వండి. అవసరమైతే నేనే చెప్తాను” అన్నారు.

రిపోర్టు వచ్చింది. మామూలు పాలిప్. కాన్సర్ లేదు. ఆపరేషన్ అక్కర్లేదు, మాత్ర కొనసాగించండి అన్నారు. బావగారు ఆ కాగితం రెండుసార్లు చదివి, “ఇందులో పాజిటివ్ అని లేదుగా?” అని నన్నడిగారు. “ఈసారి లేదు బావగారూ. లేకపోవడమే మంచిది” అన్నాను. అందరం నవ్వాం. అక్క మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

2024 డిసెంబరుతో అక్క మాత్రల అయిదేళ్ళు పూర్తయ్యాయి. మళ్ళీ మరక కనపడలేదు. కనపడితే ఇప్పుడు ఎవరికి ముందు చెప్తుందో అడిగాను. “నీకే, ఆ తర్వాతే దేవుడికి” అంది.

మా కాలేజీలో ఆ రెండు మార్కుల ప్రశ్న ఇప్పటికీ ఉంది. ఈమధ్య దానికి ఒక పీరియడ్ మొత్తం ఇస్తున్నాను. పాలబ్బాయి దగ్గర మొదలుపెట్టి, తువ్వాలు దగ్గర ఆగుతాను. చివర్లో అమ్మాయిలకి ఒక మాట చెప్తాను. ‘ఇంటికెళ్ళి మీ అమ్మనీ అమ్మమ్మనీ అడగండి, ముట్లు ఆగిపోయాక మళ్ళీ ఎప్పుడైనా కనిపించిందా అని.’ పోయినేడు ఒక పిల్ల మర్నాడొచ్చి, “మా అమ్మమ్మకి కనిపించింది మేడమ్. ఎవరికీ చెప్పలేదట” అంది. ఆ వారమే వాళ్ళమ్మ ఆవిణ్ణి డాక్టరుకి చూపించింది.

గుర్తుంచుకోండి

* ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా డాక్టరుకి చెప్పాలి. మాత్రలు వాడుతున్నా, వాడకపోయినా సరే.

* టామోక్సిఫెన్ వాడుతున్నవాళ్ళు తెల్లబట్ట రంగు మారి ఎర్రగా కనిపించినా ఉపేక్షించకూడదు. కాలు ఒక్కటే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే వెళ్ళాలి. ఈ మాత్రతో రక్తం గడ్డకట్టే అవకాశం కాస్త పెరుగుతుంది.

* సొంతంగా మాత్ర మానెయ్యొద్దు. ఇబ్బంది ఏదైనా ఉంటే డాక్టరే మారుస్తారు.

* వేరే జబ్బులకి వేసుకునే మందుల పేర్లు కూడా చెప్పండి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు టామోక్సిఫెన్ బలాన్ని తగ్గించవచ్చు.

* రొమ్ము గడ్డ తీశాక ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 పరీక్షల ఫలితం అడిగి తీసుకోండి. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. వైద్యం దారి తేల్చేది అదే.